నాలుగు చక్రాల లెక్క

హౌరా స్టేషను విడిచి ఖరగ్‌పూరు వైపు సాగే లోకల్ బండి మొట్టమొదట ఆగే చోటు టికియాపారా. ప్రయాణికుల్లో చాలామంది ఆ పేరును గమనించనైనా గమనించరు. బండి వేగం పుంజుకోకమునుపే ఆ స్టేషను వచ్చి వెళ్ళిపోతుంది. నా బాల్యం చాలావరకు గడిచింది మాత్రం అక్కడి కార్‌షెడ్డు పక్కనే. మా నాన్నగారు ఆ షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా నుంచి 1948లో ఖరగ్‌పూరు వర్క్‌షాపుకు వచ్చి చేరారు. మా వైపు వాళ్ళు బి.ఎన్.ఆర్. రైల్వేలో చేరడం వింతేమీ కాదు. కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది మొదలు, పొలం చాలని ప్రతి ఇంటినుంచీ ఒకడు ఉత్తరానికి రైలెక్కేవాడు. కరెంటు బళ్ళు వచ్చిన తరువాత నాన్నగారిని టికియాపారాకు మార్చారు. అప్పటికి నాకు ఏడేళ్ళు.

ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. బెంగాలులో కొలిమి, లేతు, స్పానరు ఉన్న ప్రతి చోటా ఆ రోజు పండుగే. షెడ్డు లోపలికి కార్మికుల భార్యాబిడ్డలను రానిచ్చే రోజు ఏడాదిలో అదొక్కటే. యంత్రాలకు బంతిపూల దండలు, కుంకుమ బొట్లు. ఆకాశం నిండా గాలిపటాలు. బెలీలియస్ రోడ్డు పొడుగునా చిన్న చిన్న ఫౌండ్రీలు ఆ రోజు పొగ మానేసి తళతళలాడుతూ ఉండేవి. నాన్నగారు మమ్మల్ని సరాసరి చక్రాల లేతు దగ్గరికి తీసుకువెళ్ళేవారు.

బోగీ అంటే లోకమంతా రైలుపెట్టె అనుకుంటుంది. షెడ్డులో మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రం. ‘‘ఈ నాలుగూ ఒక్క కొలతలో ఉన్నన్నాళ్ళే బండి సాఫీగా నడుస్తుందిరా’’ అనేవారు నాన్నగారు. ‘‘ఒకటి అరిగిందనుకో, బరువు మిగతావాటి మీదికి ఒరుగుతుంది. అప్పుడు పెద్దవాటిని లేతుకెక్కించి చిన్నదానికి సమంగా చెక్కుతాం. ఏ చక్రం ముందు అరుగుతుందో ఎవడికీ తెలియదు. తెలియక్కర్లేదు కూడా. వేళకు కొలిస్తే చాలు.’’

ఆ మాట డబ్బుకు వర్తిస్తుందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాన్నగారు 1984లో, యాభైఎనిమిదేళ్ళు నిండి, రిటైరయ్యారు. ఆయనకు పింఛను లేదు. ఈ సంగతి కాస్త వివరించాలి. రైల్వేలో పింఛను పద్ధతి 1957 నవంబరులో వచ్చింది. అంతకుముందు చేరినవాళ్ళు పాత ప్రావిడెంటు ఫండులోనే ఉండిపోవచ్చు, లేదా పింఛనుకు మారవచ్చు. ఏదో ఒకటి కాగితం మీద రాసి ఇవ్వాలి. నాన్నగారికి అప్పుడు ముప్ఫైయొక్క ఏళ్ళు. పింఛను మనిషితోనే పోతుంది, ఫండు పిల్లలకు మిగులుతుంది అన్నారు వర్క్‌షాపు పెద్దలు. ఆయన ఫండే రాసి ఇచ్చారు. ఆ రోజుల్లో అది తెలివితక్కువ పని కాదు. మనుషులు అంత కాలం బతుకుతారనీ, ధరలు అంతగా పెరుగుతాయనీ ఎవరూ ఊహించలేదు. తరువాత అలాటి వాళ్ళు చాలామంది తమకూ పింఛను కావాలని కోర్టుకెక్కారు. 1990లో సుప్రీంకోర్టు కాదన్నది.

కాబట్టి ముప్ఫైయారేళ్ళ కష్టానికి ఫలితంగా నాన్నగారి చేతికి ఒక్కసారిగా అరవై వేల రూపాయలు వచ్చాయి. ఇక మీదట నెల జీతం లేదు. క్వార్టరు ఖాళీ చేసి, బెలీలియస్ రోడ్డు సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. ఆ గదుల్లోనే, సామాను విప్పకమునుపే, డబ్బు మీద వాదం మొదలైంది.

అమ్మ బంగారమన్నది. అక్క పెళ్ళికి ఉన్నదంతా కరిగిపోయి చేతులు బోసిగా ఉన్నాయి. నాయనమ్మ రొక్కమన్నది, కరువు చూసిన మనిషి, కాగితాల మీద ఆవిడకు నమ్మకం లేదు. మా చిన్న మేనమామ లయన్స్ రేంజిలో ఒక షేర్ల బ్రోకరు దగ్గర గుమాస్తా. కలకత్తా స్టాక్ ఎక్స్ఛేంజి ఉన్న వీధి అది. ‘‘బావగారూ, నాకు పదేళ్ళు టైమివ్వండి, ఈ అరవైని ఆరు లక్షలు చేసి చూపిస్తాను’’ అన్నాడు. నాన్నగారి మనసు మాత్రం పోస్టాఫీసు పత్రాల మీద ఉంది. సర్కారు సంతకం కంటె గట్టిది లోకంలో లేదని ఆయన విశ్వాసం.

మూడు రోజులు ఎవరి మాట వారిదే. నాలుగో రోజు పొద్దున్న నాన్నగారు నీలం అట్ట ఉన్న లెక్కల పుస్తకం ఒకటి కొనుక్కువచ్చి, పేజీని నాలుగు గళ్ళుగా గీశారు. వాటాలు, పత్రాలు, బంగారం, రొక్కం. ఒక్కొక్క గడి కింద పదిహేను వేలు వేశారు. ‘‘అందరి మాటా విన్నాను గదా’’ అన్నారు. నిజానికి అది ఇంట్లో గొడవ తీర్చడానికి చేసిన పంపకమే గాని, అర్థశాస్త్రం ఏమీ కాదు. పుస్తకం మొదటి పేజీ మీద మాత్రం ఇలా రాసుకున్నారు: ఏటా విశ్వకర్మ పూజనాడు కొలవాలి.

అప్పట్లో బంగారం కొనడం ఇప్పటంత తేలిక కాదు. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం అమలులో ఉంది. సామాన్యుడు బిస్కెట్టు, కడ్డీ దగ్గర ఉంచుకోరాదు, నగ రూపంలోనే ఉండాలి. అందుచేత ఆ పదిహేను వేలూ అమ్మ చేతికి ఆరు గాజులయ్యాయి. ఒక్కొక్కటి భరికి కొంచెం మించి, మొత్తం డెబ్భై అయిదు గ్రాములు. (బెంగాలీ కంసాలి భరి అంటే మన పాత తులమే, పదకొండున్నర గ్రాముల పైచిలుకు.) పెట్టుబడి తెచ్చి భార్య చేతికి తొడిగితే తరువాత దాన్ని కొలిచేదెట్లాగో ఆయన ఆలోచించలేదు. అమ్మ మాత్రం మొదటి ఏడే చెప్పేసింది: ‘‘ఏటేటి కొలుచుకుంటారో కొలుచుకోండి. నా చేతులు మాత్రం లేతు మీద పెట్టకండి.’’

వడ్డీ డబ్బు ఇంటి ఖర్చుకు, ఒక ఫౌండ్రీలో నాన్నగారు పొద్దుటిపూట చేసే పని బజారు ఖర్చుకు. 1985లో నాకు గార్డెన్ రీచ్‌లో, రైల్వే లెక్కల కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అలా నడిచింది. నాలుగు గళ్ళూ నెమ్మదిగా ఎదుగుతూ వచ్చాయి. మేనమామ కొనిపెట్టిన వాటిలో ఒక జనపనార మిల్లు వాటా మట్టికొట్టుకుపోయింది, రెండు మూడు కంపెనీలు బాగా పెరిగాయి. కొలత చిన్నచిన్న సవరింపులతో సరిపోయేది.

1991 అట్లా కాదు. ఆ ఏడాది దేశం చేతిలో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది. జూలైలో రిజర్వుబ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టింది. అదే నెల మొదట్లో రూపాయి విలువ తగ్గించారు. ధరల పెరుగుదల పదమూడు శాతం దాటింది. నాన్నగారు పేపరు మడిచి, ‘‘దేశానికీ గాజులు తీయవలసి వచ్చింది, చూశావా’’ అని అమ్మతో అన్నారు. అమ్మ నవ్వలేదు.

ఆ సెప్టెంబరు పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. వాటాలు 48 వేలు, పత్రాలు 31, బంగారం 24, రొక్కం 21. మొత్తం లక్షా ఇరవై నాలుగు వేలు. పాతిక వంతు 31 వేలు. పత్రాలు సరిగ్గా కొలతలోనే ఉన్నాయి. వాటాలు పదిహేడు వేలు లావెక్కాయి. నాన్నగారు పదిహేడు వేల రూపాయల వాటాలు అమ్మించి, ఏడు వేలు బంగారానికి, పదివేలు రొక్కానికి వేశారు. ‘‘చక్రం చెక్కితే తురుమంతా తుక్కుకింద పోతుంది. ఇందులో తురుము కూడా వృథా పోదురా’’ అని ఆ రోజు పిల్లవాడిలా సంతోషించారు. నియంత్రణ చట్టం అంతకు ముందు ఏడే రద్దయింది, బిస్కెట్టు కొనవచ్చు. అయినా అమ్మ గొలుసే చేయించింది. మరుసటి మాఘంలో నా పెళ్ళికి అది కోడలి మెడకెక్కింది.

పెళ్ళికి వచ్చిన మేనమామ నాన్నగారితో సరిగా మాట్లాడలేదు. మాట్లాడడు మరి. 1978-79ని వందగా లెక్కకట్టే బొంబాయి సూచీ 1990 జూలైలో వెయ్యి తాకింది. 1992 ఏప్రిల్‌లో 4,467కు ఎక్కింది. నాన్నగారు అమ్మిన ఏడు నెలల్లో ధరలు రెట్టింపు దాటాయి. ‘‘పదిహేడు వేలు కాదు బావగారూ, నలభై వేలు పారేసుకున్నారు’’ అన్నాడు మేనమామ. నేనూ లోలోపల అదే అనుకున్నాను. నెల తిరగకుండానే బ్యాంకు పత్రాల కుంభకోణం బయటపడి, ఏడాది గడిచేసరికి సూచీ సగానికి పైగా దిగజారింది. అప్పుడైనా నాన్నగారు, నేను ముందే చెప్పానుగా అనలేదు. ఆయన చెప్పలేదు కూడా. ధరలు పడతాయని తెలిసి అమ్మలేదు, చక్రం లావెక్కిందని అమ్మారు.

మా నాన్నగారి పంపకానికి పండితుల సమర్థన ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో హ్యారీ బ్రౌన్ అనే రచయిత సరిగ్గా ఈ నాలుగు పాళ్ళనే బోధించాడు. వ్యాపారాలు కళకళలాడితే వాటాలు, ధరలు మండితే బంగారం, ధరలు పడిపోతే ప్రభుత్వ ఋణపత్రాలు, డబ్బుకు కటకట వస్తే రొక్కం. ఏ కాలం వస్తుందో చెప్పలేము కనుక నాలుగూ సమానంగా ఉంచుకొమ్మన్నాడు. ఆయన 1996లోను, 2000లోను అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన మనిషి కూడా. ఇంతకంటె పాత మాట ఒకటి ఉంది. యూదుల తాల్ముడ్ గ్రంథం సొమ్మును మూడు పాళ్ళు చేసి భూమిలో ఒకటి, వ్యాపారంలో ఒకటి, చేతిలో ఒకటి ఉంచుకోమంటుంది. పెట్టుబడుల పంపకాన్ని గణితంగా మార్చి 1990లో నోబెల్ బహుమతి పంచుకున్న హ్యారీ మార్కోవిట్జ్ తన సొంత విశ్రాంతి నిధిని తన సూత్రం ప్రకారం కాక, సగం వాటాల్లో, సగం ఋణపత్రాల్లో వేసుకున్నాడట. ఎటు జరిగినా తరువాత విచారించకుండా ఉండడానికని ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా బెలీలియస్ రోడ్డు గదులే గుర్తుకు వచ్చాయి.

అయితే పరదేశపు సూత్రం మన నేల మీద ఉన్నదున్నట్టు మొలవదు. వడ్డీ రేట్లు పడినప్పుడు అమెరికా దీర్ఘకాలిక ఋణపత్రాల వెల పెరుగుతుంది. బ్రౌన్ ఆశించిన లాభం అదే. మన పోస్టాఫీసు పత్రం వెల పెరగదు, తరగదు. గడువుకు అనుకున్నది ఇస్తుంది. 1988లో వచ్చిన కిసాన్ వికాస్ పత్రం అయిదున్నరేళ్ళకు రెట్టింపయ్యేది. 2023 ఏప్రిల్ నుంచి కొన్న పత్రానికి 115 నెలలు కావాలి. ఆ పాత రోజుల్లో ధరలూ అదే పరుగు పరుగెత్తాయి కనుక, రెట్టింపయిందనుకున్న సొమ్ములో చాలా భాగం ద్రవ్యోల్బణం మింగేసింది. ఇక బంగారం పశ్చిమ దేశాల్లో లోహం, మన ఇళ్ళలో మర్యాద. దాన్ని పెరిగినప్పుడు అమ్మి కొలతకు తేవాలనే నియమం పుస్తకంలో రాసుకున్నంత సులువుగా వంటింట్లో నడవదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

1996 నాటికి రొక్కం గడిలో నలభై అయిదు వేలు ఉన్నాయి. సేవింగ్సు ఖాతాలో అంత సొమ్ము నిద్రపోవడం నాకు కంటగింపుగా ఉండేది. నేను లెక్కల కార్యాలయంలో పనిచేస్తున్నవాణ్ణి, నాన్నగారు ఫిట్టరు. ఆ అహంకారం కొంత ఉంది కాబోలు. ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ ఏడాదికి ఇరవై నాలుగు శాతం ఇస్తున్నది. దాని ఏజెంటు మన తెలుగువాడే, ఏటా మా వీధి వినాయకచవితి చందా పుస్తకం పట్టుకుని వచ్చే మనిషి. ‘‘ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, ఇదీ రొక్కంతో సమానమే’’ అన్నాను నాన్నగారితో. ఆయనకు డెబ్భై ఏళ్ళు. నా మొహంకేసి కాసేపు చూసి, ‘‘నీకు తెలుస్తుంది గదా’’ అని సంతకం పెట్టారు.

అప్పటికి పదిహేనేళ్ళ కిందటే, 1980లో, సంచయిత అనే సంస్థ కూలి కలకత్తాలో లక్షమందికి పైగా మదుపరులు వీధిన పడ్డారు. అది నేను కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో జరిగిన సంగతే, అయినా మరచిపోయాను. మళ్ళీ 2013లో శారదా కూలినప్పుడు అదే నగరం అదే ఏడుపు ఏడిచింది. మా కంపెనీ పేరు వీటి పక్కన నిలబడేటంత పెద్దది కాదు. 1997లో ఒక సోమవారం దాని తలుపుకు తాళం కనిపించింది, అంతే. ఏజెంటు సొమ్మూ అందులోనే పోయింది.

నాన్నగారు కోప్పడలేదు. విశ్వకర్మ పూజనాడు రొక్కం గడిలో సున్న చుట్టి, కొద్దికొద్దిగా మళ్ళీ నింపుదామన్నారు. అందుకు వ్యవధి దొరకలేదు. 1998 చివర, శ్రీకాకుళంలో ఉన్న మా అక్కకు గుండె కవాటం చెడిందని, వెంటనే ఆపరేషను చేయాలని ఉత్తరం కాదు, ట్రంకు కాలు వచ్చింది. బావగారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. వారంలో డబ్బు కావాలి. వాటాల ధరలు ఆ ఏడాది నేలచూపులు చూస్తున్నాయి. పత్రాల గడువు తీరలేదు. సరిగ్గా ఇటువంటి రోజు కోసమే నాలుగో గడి ఉండేది.

అమ్మ ఏమీ అనలేదు. స్నానాలగదిలోకి వెళ్ళి, సబ్బు నురుగు రాసుకుని ఆరు గాజులూ తీసింది. పద్నాలుగేళ్ళుగా తీయనివి, ఎడమ చేతివి రావడానికి చాలాసేపు పట్టింది. నేనూ నాన్నగారూ బౌబజారు నగల వీధికి ట్రాములో వెళ్ళాము. తరుగు పోను ఇరవై ఆరు వేలు ఇచ్చారు. పదిహేను వేలకు కొన్నవి పద్నాలుగేళ్ళ తరువాత. ఆ మధ్య కాలంలో సంసారపు ఖర్చులు మూడింతలు దాటాయి. 1980లో ప్రపంచమంతా వెర్రెత్తి కొన్న బంగారం ఆ తరువాత ఇరవై ఏళ్ళు లేవలేదు. మేము అమ్మినది దాదాపు అడుగున ఉన్నప్పుడు. మిగతాది నేను ఆఫీసు సహకార సంఘంలో అప్పు చేశాను. అక్క బతికింది. ఇవాళ్టికీ మాతో పోట్లాడుతూనే ఉంది.

మరుసటి ఏడాది వాటాలు తిరిగి పుంజుకున్నాయి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. 2001లో నాకు వాల్తేరుకు బదిలీ అయింది, అందరమూ విశాఖపట్నం వచ్చేశాము. నాన్నగారు 2002 సెప్టెంబరు దాకా గళ్ళు కొలిచారు. 2003లో కాలం చేశారు. అప్పటి నుంచి పుస్తకం నాది.

నేను చూసినది చెబుతాను. 2008 జనవరిలో 21 వేలు దాటిన సూచీ మరుసటి మార్చికి 8,200 లోపుకు జారింది. ఆ నడుమనే బంగారం పెరిగింది. 2012 తరువాత మూడేళ్ళు బంగారం తగ్గింది, వాటాలు మోశాయి. 2024 సెప్టెంబరులో సూచీ 85 వేలు దాటింది, 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది. నిక్కచ్చిగా చెప్పాలంటే, 1979 నుంచి ఇప్పటి దాకా వాటాలే అన్నింటినీ మించాయి. మా మేనమామ మాట అబద్ధం కాదు. కాని నాన్నగారికి నలభై అయిదేళ్ళు లేవు. రిటైరయిన తరువాత ఆయనకు దక్కినవి పందొమ్మిదేళ్ళు, ఆ పందొమ్మిదేళ్ళూ ప్రతి నెలా బియ్యం కొనాలి.

నా పంపకం ఆయనది కాదు. నాకు పింఛను ఉంది. జీవితాంతం వచ్చే పింఛనంటే అమ్మడానికి వీలులేని పెద్ద ఋణపత్రమే గదా. అందుచేత నేను పత్రాల గడిని చిన్నది చేసుకుని వాటాల గడిని పెంచుకున్నాను. ఈ సంగతి చాలామంది ఉద్యోగులు లెక్కలోకి తీసుకోరు. పింఛనూ పెట్టుకుని, ఉన్నదంతా మళ్ళీ ఫిక్సెడు డిపాజిట్లలోనే వేస్తారు.

మా అబ్బాయి 2016లో కేంద్ర ప్రభుత్వోద్యోగంలో చేరాడు. 2004 జనవరి తరువాత చేరినవాళ్ళకు నా మాదిరి పింఛను లేదు. జీతంలో కోత పడిన సొమ్ము మార్కెటులోకి వెళుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వాళ్ళకు మరొక దారి తెరిచింది. పాతికేళ్ళు సేవ చేస్తే చివరి ఏడాది మూలవేతనపు సగటులో సగం హామీగా ఇచ్చే ఏకీకృత పింఛను. కావాలనుకున్నవాళ్ళు కాగితం రాసి ఇవ్వాలి. వాడు ఫోను చేశాడు: ‘‘నాన్నా, తాతయ్య 1957లో ఏది రాసి ఇచ్చారు? ఎందుకు రాశారు?’’

చాలాసేపు మాట్లాడుకున్నాము. ఏది రాయమనీ నేను చెప్పలేదు. పుస్తకంలో తన పేరున ఒక పేజీ గీయమన్నాడు. వాటాలు, పత్రాలు సులువుగానే తేలాయి. బంగారం గడి దగ్గర, కోడలి నగలు అందులో కలపాలా అని అడిగాడు. నేను 1999 పేజీ తీశాను. ఆ ఏడు వాటాలు పెరిగితే నాన్నగారు కొన్ని అమ్మి, అమ్మకు రెండు సన్నని గాజులు కొన్నారు. 2011లో పోయేదాకా అవే ఆమె చేతికి ఉన్నాయి. బంగారం గడిలో ఆయన అంకె వేయలేదు. గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో ‘గాజులు రెండు — ఆమెవి’ అని రాశారు. అది చదివి వినిపించాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత, ‘‘మరి రొక్కం ఎంత ఉంచుకోవాలి నాన్నా? సేవింగ్సులో ఊరికే పడి ఉండడం దండగ కాదా?’’ అన్నాడు.

వాడికి ఆ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. 1996 పేజీ దాకా వెనక్కి తిప్పి, మొదటి నుంచి చెప్పడం ప్రారంభించాను.